చచ్చాక పెళ్ళయిన సినిమా

ఒకే ఆదివారం మూడు ఊళ్ళలో ఒకే సినిమా ఆడించి, విరిగిపోయిన ఒక కాపురాన్ని అతికించిన మనిషిని నేను. ఈ మాట చాలా ఏళ్ళుగా చెబుతున్నాను. పెళ్ళిపందిళ్ళలో చెప్పాను, రైలు పెట్టెల్లో చెప్పాను, కంటి ఆపరేషనుకి బల్లమీద పడుకోబెట్టినప్పుడు డాక్టరుకి కూడా చెప్పాను. ఆయన "కదలకండి" అన్నాడే తప్ప మెచ్చుకోలేదు. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కొంచెం జాగ్రత్త అవసరం. మొదటి వాక్యంలో ఆదివారం నిజం. మూడు ఊళ్ళు నిజం. సినిమా నిజం. మిగతాది చదివి మీరే తేల్చుకోండి.

ఎనభైల మధ్యలో తెనాలిలో మాకో ఫిల్మ్ సొసైటీ ఉండేది. సభ్యులు వేలల్లో ఉండేవారని నా నోట చాలామంది విన్నారు. వందల్లో అనుకుందాం. చందా క్రమం తప్పకుండా కట్టినవాళ్ళను మటుకు ఒక్క బస్సులో కూర్చోబెట్టి, దారిలో ఎక్కేవాళ్ళకి సీట్లు మిగల్చవచ్చు. తెనాలిలో సినిమా గురించి అభిప్రాయం లేని మనిషి దొరకడు. చందా కట్టే మనిషి దొరకడం కష్టం.

మాకు విదేశీ సినిమాలు మద్రాసు నుంచి రైల్లో పెట్టెలో వచ్చేవి. శనివారం వచ్చిన పెట్టె సోమవారం తిరిగి రైలెక్కాలి. ఒక్క ఊరికి అద్దె గిట్టదు కనక రేపల్లె వాళ్ళనీ బాపట్ల వాళ్ళనీ కలుపుకున్నాం. ఆదివారం పొద్దున తెనాలిలో, మధ్యాహ్నం రేపల్లెలో, సాయంత్రం బాపట్లలో ఆట. రీళ్ళ పెట్టె, చిన్న ప్రొజెక్టరు, ఆపరేటరు, నేను, ఇదీ జట్టు. ఆపరేటరుకి ఫోటో స్టూడియో ఉండేది. మాటలు తక్కువ, విసుగు ఎక్కువ. నన్ను సరిగ్గా తిరగేస్తే వచ్చే మనిషి.

నేనెందుకంటే, కొన్ని సినిమాలకి తెర అడుగున ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉండేవి కావు. ఎవరో ఒకరు మైకు పట్టుకుని తెర పక్కన కూర్చుని, అక్కడ వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో తెలుగులో చెప్పాలి. నేను టుటోరియల్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి గనక ఐరోపా భాషలన్నీ నాకు చుట్టాలేనని సొసైటీ వాళ్ళు అనుకున్నారు. నేను కాదనలేదు. పాండిచ్చేరిలో ఒక దొర దగ్గర రెండేళ్ళు ఫ్రెంచి నేర్చుకున్నానని కూడా చేర్చాను. పాండిచ్చేరి వెళ్ళిన మాట నిజమే, ఒక పూట. దొరను వీధి అవతల నుంచి చూశాను. ఆ భాషలో నాకు వచ్చినవి రెండే మాటలు, అందులో ఒకటి దగ్గుమందు సీసా మీద చదివింది. సినిమాతోపాటు ఇంగ్లీషులో ఒక పేజీ కథాసారాంశం వచ్చేది. దాన్ని నేను గంటన్నరకు సాగదీసేవాణ్ణి. తెరమీద వాళ్ళు నోరు తెరిస్తే నేను మాట్లాడేవాణ్ణి. వాళ్ళు నోరు మూసుకున్నాక కూడా ఒక్కోసారి నా వాక్యం పూర్తయ్యేది కాదు.

ఆ రోజుల్లో మా అక్క మా ఇంట్లో ఉంది. ఉండవలసింది రేపల్లెలో.

మా బావ రేపల్లె పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. మంచివాడు. ఎవరేది అడిగినా లేదనలేడు. ఆ మంచితనమే కొంప ముంచింది. మా అక్కకి ఒక కుట్టుమిషన్ ఉండేది. ఆ వీధి ఆడవాళ్ళందరికీ జాకెట్లు కుట్టి, ఆ సంపాదనతో తనే కొనుక్కున్న మిషన్. మా అక్క ఒక పెళ్ళికి తెనాలి వచ్చిన సమయంలో, చెరుకుపల్లిలో ఉన్న బావ చెల్లెలు వచ్చి, "అన్నయ్యా, వదిన ఎలాగూ ఊళ్ళో లేదుగా, మిషన్ నాకియ్యవూ" అందట. ఈయన ఎడ్లబండి కట్టించి మరీ పంపించాడు.

అక్క తిరిగి వెళ్ళేసరికి వసారాలో మిషన్ లేదు. సున్నపు గచ్చు మీద దాని కాళ్ళ గుర్తులు మాత్రం ఉన్నాయి.

"ఇంటి ఆడపిల్ల అడిగితే లేదంటానా?" అన్నాడట బావ.

"అడగాల్సింది మిమ్మల్నా, నన్నా?" అందట అక్క.

దానికి ఆయన, "ఇద్దరం ఒకటేగా" అన్నాడు. సినిమాలో అయితే ఆ మాటకి చప్పట్లు పడేవి. మా అక్క చేతిలోని సంచీ కింద పెట్టకుండానే వెనక్కి తిరిగి, తాను దిగిన రైలు తెనాలి బయల్దేరేలోపే మళ్ళీ ఎక్కి కూర్చుంది.

అప్పటికి రెండు నెలలు దాటింది. మా అమ్మ రోజూ పొద్దున కాఫీ ఇస్తూ, "ఎప్పుడెళతావే?" అనేది. అక్క, "మిషన్ రేపల్లె వచ్చిన రోజు," అనేది. బావ మనిషి చేత కబురు పంపాడు: ఇచ్చిన వస్తువు వెనక్కి అడిగితే చెల్లెలి అత్తవారింట్లో ఆమె పరువేం కావాలి అని. అక్క ఆ మనిషి చేతనే తిరుగు కబురు పంపింది: నా పరువు మీ వసారాలో నాలుగు గుర్తులయి కూర్చుంది, చూసుకోమని. మా అమ్మకి నిద్ర పట్టడం మానేసింది. వీధిలో, "మీ అమ్మాయి ఇంకా వెళ్ళలేదాండి?" అనే ప్రశ్న, "ఇక వెళ్ళదాండి?" అనే ప్రశ్నగా మారుతున్న సమయం అది.

సరిగ్గా అప్పుడు వచ్చింది ఆ సినిమా. ఏ దేశానిదో చెప్పను. చెబితే ఆ భాష తెలిసినవాళ్ళెవరైనా నిజం విప్పుతారు. ఏదో చలిదేశం, సముద్రపు ఒడ్డున ఊరు. బట్టలు కుట్టే పిల్లా, గడియారాలు బాగుచేసేవాడూ ప్రేమించుకుని పెళ్ళాడతారు. కొన్నాళ్ళకి అతగాడి మనసు కసాయి కొట్టువాడి కూతురి మీదికి పోతుంది. పెళ్ళాం బొచ్చుకోటు పెళ్ళానికి చెప్పకుండా తీసుకెళ్ళి ఆ పిల్లకి తొడుగుతాడు. పెళ్ళాం ఏమీ అనదు. అడవికి పోయి పుట్టగొడుగులు ఏరుకొచ్చి, కమ్మగా వండి, నవ్వుతూ వడ్డిస్తుంది. అతను లొట్టలు వేసుకుంటూ తిని, తింటూ తింటూనే గిన్నెలోకి వాలిపోతాడు. శవపేటిక వస్తుంది. వాకిలి ఇరుకు, పేటిక పట్టదు. ఆ ఇరుకు వాకిలి అతను స్వయంగా పెట్టించుకున్నదే. చివరికి పేటికకి తాళ్ళు కట్టి మేడ కిటికీలోంచి దింపుతుంటే తాడు తెగి, కింద సరిగ్గా కసాయివాడి మాంసం బండిలో పడుతుంది. బండి గుర్రం బెదిరి సముద్రం వైపు పరుగు. సమాప్తం.

కథాసారాంశంలో దీన్ని 'ప్రేమ, ప్రతీకారాల మీద చేదు హాస్యం' అన్నారు. నా చూపు మాత్రం బొచ్చుకోటు దగ్గర ఆగిపోయింది. బొచ్చుకోటు అని రాసి ఉన్నా నాకు కుట్టుమిషన్ అనే కనిపించింది.

వెంటనే పథకం వేశాను. తెనాలిలో అక్క చూస్తుంది. అక్కడ మైకులో, మొగుణ్ణి చంపుకున్న ఆడది ఎంత కుమిలిపోయిందో చెబుతాను. అక్క మెత్తబడుతుంది. రేపల్లెలో బావ చూస్తాడు. అక్కడ పెళ్ళాం వస్తువు దానం చేసినవాడికి ఏ గతి పట్టిందో చెబుతాను. బావ బెదురుతాడు. ఒకే సినిమా, రెండు మందులు. పశువుల ఆసుపత్రిలో కూడా అలాగే కదా, దూడకొక మోతాదు, గేదెకొక మోతాదు.

తెనాలి ఆట ఒక కల్యాణమండపంలో వేశాం. ముందు రోజు పెళ్ళి తాలూకు కాగితపు పూలు ఇంకా వేలాడుతున్నాయి. విషం పెట్టే సినిమా మీద 'వధూవరులకు శుభాకాంక్షలు' అని రాసిన గుడ్డ. అక్క మొదటి వరసలో అమ్మ పక్కన కూర్చుంది. గడియారాలవాడు గిన్నెలోకి వాలాడు. పెళ్ళాం అతని వంక చూసి, ఇంకో రొట్టెముక్క తుంచి, కూరలో అద్దకుండా, ఉత్తదే నములుతోంది. నేను మైకులో గొంతు వణికించాను.

"ఏమండీ, ఎంత పని చేశానండీ. మీరు లేని ఈ ఇంట్లో నేనెలా బతకను. ఒక కోటు కోసం కొండంత మనిషిని పోగొట్టుకున్నానే."

నా వ్యాఖ్యానానికి హాలంతా వెక్కివెక్కి ఏడ్చిందని చెబుతుంటాను. ఏడ్చింది మా అమ్మ ఒక్కతే. ఆవిడ అంతకు ముందు నుంచే ఏడుస్తోంది.

ఆట అయ్యాక అక్క నా దగ్గరికి వచ్చింది.

"ఒరేయ్, ఆవిడ ఏడవలేదురా."

"లోపల ఏడ్చిందే అక్కా. ఐరోపా వాళ్ళు పైకి ఏడవరు."

"రొట్టె తింటోంది. నమిలే నోటితో అంత పొడుగు మాటలు ఎవరు మాట్లాడతార్రా? నువ్వు అబద్ధం చెప్పావు."

"సరే, ఆవిడ చేసింది న్యాయమేనంటావా?"

"చంపడం తప్పే. అయినా అంత దూరం ఎందుకు రావాలి? ఎవరి కోటు వాళ్ళకి తెచ్చిచ్చుంటే అక్కడితో పోయేదిగా." చీర కొంగు సర్దుకుని, "రేపల్లెలో ఈ మాట చెప్పు. మైకులో చెప్పు," అంటూ అమ్మను తీసుకుని వెళ్ళిపోయింది.

ఒక మందు పారలేదు. రెండోది మిగిలింది.

రైలుకి వేళవుతోంది. సొసైటీ అధ్యక్షులవారు వందన సమర్పణ మొదలుపెడితే మధ్యలో ఆపరు. ఆపరేటరు రీళ్ళు వెనక్కి చుట్టి గుండ్రటి డబ్బాల్లో పెట్టి, ప్రొజెక్టరు విప్పుతున్నాడు. మూడు రీళ్ళు, మూడు డబ్బాలు. అంకెలు వేసి ఉన్నది మూతల మీద. తొందరలో ఆ మూతలు పెట్టింది నేను. మా ఇంట్లో కారం డబ్బా మూత పసుపు డబ్బాకి పెట్టేదెవరని మా ఆవిణ్ణి అడిగితే, ఆ ఆదివారం ఏం జరిగి ఉంటుందో ఆవిడ సినిమా చూడకుండానే చెప్పగలదు.

రేపల్లెలో ఆట లూథరన్ చర్చి పక్కన బడి హాల్లో. అక్కడ మా సొసైటీ వ్యవహారాలు చూసేది ఆ బడిలో లెక్కల మేష్టారు. తెల్లచొక్కా, నిదానం, ఆదివారం చర్చిలో బైబిలు పాఠం చదివేది కూడా ఆయనే. మగవాళ్ళొక పక్క, ఆడవాళ్ళొక పక్క బెంచీల మీద కూర్చున్నారు. ముందు బెంచీలో ఒక పెద్ద రైతు, భుజాన తువ్వాలు, చేతికర్ర. మా ప్రతి సినిమాకీ వచ్చేవాడు. అర్థం కాని సినిమా ఇంతవరకూ చూడలేదని ఆయన ధీమా.

బావ వస్తాడో రాడో అనుకున్నాను. వచ్చాడు. వెనకవైపు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం మాసి ఉంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. జాలేసింది. ఆ వెంటనే పథకం పనిచేస్తుందని సంతోషం కూడా కలిగింది.

"బావా, ముందుకొచ్చి కూర్చో."

"ఇక్కడ బాగానే ఉందిలే బామ్మర్దీ. మీ అక్క బాగుందా?"

"సినిమా చూడు. అన్నీ అందులోనే ఉన్నాయి."

దీపాలార్పారు. ఒకటో నంబరు మూత తీశారు. రీలు తిరిగింది. పెళ్ళీ లేదు, ప్రేమా లేదు. తెరమీద పెళ్ళాం అప్పటికే పుట్టగొడుగులు కడుగుతోంది.

ఆపరేటరు వైపు చూశాను. అతను నా వైపు చూసిన చూపులో మూతల సంగతి మొత్తం ఉంది. ఆపితే పరువు పోతుంది. మైకు పట్టుకుని వడ్డనా, చావూ, ఇరుకు వాకిలీ లాగించాను. పేటిక మాంసం బండిలో పడ్డప్పుడు రేపల్లె జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వుకి హాలు పెంకులు లేచాయని నేను చెబుతుంటాను. అది రేకుల హాలు. మొత్తానికి నవ్వారు. అంతలో గుర్రం సముద్రం వైపు పరిగెత్తింది. పెద్ద అక్షరాలతో వాళ్ళ భాషలో సమాప్తం పడింది. ఆట మొదలై అరగంట కాలేదు.

జనం లేచి చెప్పులు వెతుక్కోసాగారు.

"కూర్చోండి, కూర్చోండి," అన్నాను మైకులో. "ఇది మామూలు సినిమా కాదండి, కళాత్మక చిత్రం. ఐరోపాలో పెద్ద దర్శకులు ముగింపు ముందు వేస్తారు. అక్కడి నుంచి వెనక్కి నడుస్తారు."

పెద్ద రైతు చేతికర్ర నేలకి తాటించి, "మరి శుభం ఎప్పుడేస్తారండి?" అన్నాడు.

"చివర్లోనేనండి."

"అయితే కూర్చుందాం," అన్నాడాయన. ఆయన కూర్చుంటే అందరూ కూర్చున్నారు.

ఆపరేటరు నా చెవిలో, "మూడో డబ్బాలో మొదటి రీలు ఉండాలి, ఇప్పుడది వేసేస్తే కథ కొంతైనా కుదుటపడుద్ది," అన్నాడు.

"వెనక్కి నడుస్తారని మైకులో చెప్పేశానుగా. ఇప్పుడు ముందుకి నడిస్తే ఏం బాగుంటుంది? రెండోదే వెయ్యి."

ఒక అబద్ధం చెప్పాక దాన్ని గౌరవించడం నా అలవాటు.

రెండో రీలులో బొచ్చుకోటు వ్యవహారం వచ్చింది. ఇక్కడ నేను రెచ్చిపోయాను. "కట్టుకున్నదాని వస్తువు కట్టుకున్నదానికి చెప్పకుండా ఇంకొకరికి ధారపోసే హక్కు నీకెవరిచ్చార్రా," అని గడియారాలవాణ్ణి అతని తల్లి తిట్టినట్టు చెప్పాను. ఆ సినిమాలో అతనికి తల్లి లేదు. తెరమీద మాట్లాడుతున్నది ఉత్తరాలు పంచే మనిషి. ఆడవాళ్ళ వైపు నుంచి, "అలా అడుగు," అని ఎవరో అన్నారు. రేపల్లెలో మిషన్ సంగతి తెలియని ఇల్లు లేదు. హాలంతా వెనక్కి తిరిగి మా బావను చూసింది అని చెబుతుంటాను. ఇద్దరు చూశారు. ఒకరు గడియారం కోసం చూశారేమో. చీకట్లో బావ తల వంచుకుని ఉన్నాడు. సిగ్గుతో వంచుకున్నాడనుకున్నాను.

చివరికి మొదటి రీలు. అప్పటికి నా గొంతు పోయింది. సోడా తెప్పించుకుని తాగుతూ, ఆపరేటరుతో మూతల మీద గుసగుసగా తగాదా పడుతూ, చాలాసేపు మైకు ముట్టుకోలేదు. తెరమీద ఆ పిల్లా వాడూ కలుసుకున్నారు, తిరిగారు, పెళ్ళి కుదిరింది, పెళ్ళిలో ఊరంతా డాన్సు చేసింది. ముద్దు పెట్టుకున్నారు. రీలు అయిపోయింది. దీపాలు వెలిగాయి.

చచ్చినవాడు, మాంసం బండిలో పడి సముద్రానికి కొట్టుకుపోయినవాడు, కళకళలాడుతూ అదే పిల్లని పెళ్ళి చేసుకున్నాడు. ఇక నన్ను తంతారనుకుని నేను ద్వారం ఎంత దూరమో చూసుకున్నాను.

పెద్ద రైతు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "బాగా తీశాడండి. ఇందులో అర్థం కానిదేముంది? ఆ జన్మలో విషం పెట్టింది. ఈ జన్మలో మళ్ళీ అతన్నే కట్టుకుంది. రుణం ఉంచుకుని ఎక్కడికి పోతారు?"

లెక్కల మేష్టారు లేచారు. "పునర్జన్మ ఏంటండి? వాళ్ళు క్రైస్తవులు. పెళ్ళి చర్చిలో జరిగింది, మీరు చూశారు. అది పునరుత్థానం. చనిపోయినవాడు లేచాడు."

"లేస్తే లేచాడు మేష్టారూ. లేచినవాడు మళ్ళీ ఆవిడ దగ్గరికే ఎందుకెళ్ళాడండి? విషం తిని లేచినవాడికి ఆమాత్రం జాగ్రత్త ఉండొద్దూ?"

"క్షమించాడండి. అదే కదా కథ."

"చంపింది ఆవిడ, పెళ్ళాం కోటు తీసుకెళ్ళింది ఈయన. ఎవర్ని ఎవరు క్షమించాలండి?"

మేష్టారు లెక్కల మనిషి కనక ఆ ప్రశ్న దగ్గర ఆగారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక పెద్దావిడ, "అదంతా తర్వాత. కోటు తెచ్చిచ్చాడా లేదా, అది చెప్పండి," అంది.

అందరూ నా వైపు తిరిగారు. అక్క చెప్పమన్న మాట చెప్పడానికి ఇంతకన్నా మంచి తరుణం ఏముంటుంది. "తెచ్చిచ్చాడమ్మా," అన్నాను. "తెచ్చిచ్చాడు గనకనే రెండోసారి పెళ్ళయింది. ఇవ్వకపోతే ఎన్ని జన్మలెత్తినా అదే గొడవ, అదే పుట్టగొడుగుల కూర."

"అదీ," అందావిడ. సభ ముగిసింది. శుభం అడిగినవాళ్ళు లేరు.

బావ ద్వారం దగ్గర నిలబడ్డాడు. కళ్ళు మునుపటికన్నా ఎర్రగా ఉన్నాయి. నా చేయి పట్టుకుని, "మంచి సినిమా బామ్మర్దీ," అన్నాడు. బస్సు వేళయి నేను పరిగెత్తాను.

బాపట్లలో అన్నీ సరైన మూతలతో సరైన వరసలో వేశాం. వ్యవసాయ కాలేజీ కుర్రాళ్ళు నిండా వచ్చి, పేటిక పడ్డప్పుడు ఈలలేసి, మర్యాదగా వెళ్ళిపోయారు. చెప్పుకోవలసిందేమీ లేదు, ఒక్కటి తప్ప. రేపల్లె పెద్ద రైతు బాపట్లలో చుట్టాలింటికి వెళుతూ మా బస్సులోనే వచ్చి, ఆ ఆట కూడా చూశాడు. అయ్యాక నన్ను పక్కకి పిలిచి, "మాకు సవ్యంగా చూపించి వీళ్ళకి తలకిందులుగా వేశారేంటండి? వీళ్ళది శుభం లేకుండానే అయిపోయిందే," అని నొచ్చుకున్నాడు.

మంగళవారం పొద్దున మా ఇంటి ముందు రిక్షా ఆగింది. రిక్షాలో కుట్టుమిషన్ కూర్చుని ఉంది. పక్కన ఒదిగి, దాని చక్రం మీద చేయి వేసి, మా బావ. గడ్డం గీసుకున్నాడు. సోమవారం చెరుకుపల్లి వెళ్ళి చెల్లెల్ని అడిగి తెచ్చాడు. పరువు పోతుందన్నవాడు, ఏం చెప్పి అడిగాడో అప్పుడు చెప్పలేదు. దాన్ని రేపల్లెలోనే దింపుకోవచ్చు. రైల్లో ఇంతదూరం మోసుకొచ్చాడు, అక్క కళ్ళతో చూస్తే గానీ నమ్మదని.

అక్క బయటికి వచ్చింది కానీ బావ వంక చూడలేదు. మిషన్ చుట్టూ తిరిగింది. చక్రం తిప్పింది, కిర్రుమంది. లోపలికి పోయి నూనె తెచ్చి చుక్కలు వేసి మళ్ళీ తిప్పింది. "బెల్టు వదులైంది," అంది, ఎవరితోనూ కాకుండా.

"బిగిద్దాం," అన్నాడు బావ.

"కాళ్ళు కడుక్కోండి. అన్నం పెడతాను," అంది అక్క.

ఆ భోజనం గురించి నేను చెప్పే కథ మా వాళ్ళందరికీ కంఠస్థం. సినిమా చూసిన భయంతో మా బావ మొదటి ముద్ద మా అక్కకి తినిపించి గానీ తాను ముట్టలేదనీ, అక్క నవ్వాపుకోలేక పొలమారిందనీ. విన్నవాళ్ళంతా నవ్వుతారు. జరిగింది అది కాదు. మా బావ పప్పూ వంకాయ కూరా కలుపుకుని, తలెత్తకుండా, ఇంటిల్లిపాది అన్నం తినేశాడు. మా అమ్మ మళ్ళీ పొయ్యి వెలిగించింది. పొద్దువాలే బండికి ఇద్దరూ మిషన్ను తీసుకుని రేపల్లె వెళ్ళిపోయారు.

ఆ రాత్రి నుంచి నా కథ పెరగడం మొదలైంది. మొదట, రేపల్లెలో నా వ్యాఖ్యానం విని బావ మారాడన్నాను. తర్వాత, జన్మజన్మల గొడవ వద్దనుకుని బెదిరి మారాడన్నాను. కొన్నేళ్ళకి, అసలు రీళ్ళు నేను కావాలనే మార్చానన్నాను. మొగుడి చావుతో ముగిస్తే బావ మొండికేస్తాడు, పెళ్ళితో ముగిస్తే మెత్తబడతాడు అని రైల్లో కూర్చుని ఆలోచించి, తెలిసి తెలిసి మూతలు మార్చిన మేధావినన్నాను. ఆపరేటరు అప్పటికి స్టూడియో మూసేసి వెళ్ళిపోయాడు కాబట్టి ఎదురు చెప్పేవాళ్ళు లేరు.

తొంభైల్లో బావకి బాపట్ల బదిలీ అయింది. మా సొసైటీ అంతకుముందే పోయింది. ఇంటింటికీ కేబులొచ్చాక ముగింపు ముందు చూసే ఓపిక ఎవరికుంది. ఒక సాయంత్రం వాళ్ళింటి వరండాలో కూర్చున్నాం. కరెంటు పోయింది. ఇంకా వెలుతురుంది. అక్క వరండా చివర మిషన్ ముందు జాకెట్ కుడుతోంది. పక్కింటి కొత్త దంపతులకు నేను కథ చెప్పడం మొదలుపెట్టాను. మూతలు మార్చే ఘట్టం దాకా బావ ఓపిగ్గా విన్నాడు. వాళ్ళు వెళ్ళాక,

"బామ్మర్దీ, ఒక మాట చెప్పనా, ఏమీ అనుకోకు," అన్నాడు. "ఆ రోజు నేను నిద్రపోయాను."

"ఎప్పుడు?"

"నువ్వు మైకు అందుకోగానే. ముందు రాత్రంతా ఒక గేదెకి ఈత కష్టమైతే కొట్టంలోనే ఉన్నాను, కన్ను మూతపడలేదు. నీ గొంతు వింటుంటే జోలపాటలా ఉంది."

"మరి విషం? పేటిక? కోటు?"

"కోటా? ఏం కోటు?"

కళ్ళెరుపు అదన్నమాట. నేను కుర్చీలో కొంచెం కిందికి జారాను. "మరి మంచి సినిమా అన్నావేంటి?"

"చివర్లో మెలకువొచ్చింది. ఏమైందో, నీ గొంతు ఆగిపోయింది. అందుకే మెలకువొచ్చి ఉంటుంది. కళ్ళు తెరిస్తే తెరమీద ఒక పిల్ల మిషన్ ముందు కూర్చుని ఉంది. తన పెళ్ళిగౌను తనే కుట్టుకుంటోంది. ఎవరితోనూ మాట్లాడదు. కుట్టింది, వంగి దారం పళ్ళతో తెంపింది. తెంపి, పోగు పెదవి మీద అంటుకుంటే ఊదేసింది." బావ వరండా చివరికి చూశాడు. "మా చెల్లెలితో అదే చెప్పాను. మీ వదిన అలా ఊదడం చూసి రెండు నెలలయిందమ్మా, మిషన్ ఇచ్చెయ్యమని. అది ఇంకో మాట మాట్లాడకుండా తీసిచ్చింది."

ఆ సినిమా మొత్తంలో నేను నోరు మూసుకున్న చోటు అదొక్కటే.

అలాగని పూర్తిగా ఓడిపోవడానికి నేను ఒప్పుకోను. రీళ్ళు సరైన వరసలో పడి ఉంటే ఆ పిల్ల గౌను కుట్టుకునేటప్పుడు బావ గురక పెడుతూ ఉండేవాడు, మెలకువ వచ్చేసరికి పేటిక కిటికీలోంచి దిగుతూ ఉండేది. మూతలు మార్చింది నేనే. తెలిసి మార్చలేదు, అంతే. ఈ వాదన పెట్టడానికి గొంతు సవరించుకుని, "చూడు బావా, అసలు ఆ దర్శకుడి ఉద్దేశం ఏంటంటే," అని మొదలుపెట్టాను.

వరండా చివర మిషన్ ఆగింది. అక్క వంగి, దారం పళ్ళతో తెంపి, పెదవి మీది పోగు ఊదేసింది.

"ఇక మైకు కట్టెయ్యరా," అంది.

కట్టేశాను. బావ అటే చూస్తున్నాడు.